ఆకలి తొట్టిలో మేత

ఈ మాట నాలో ఇరవై ఏండ్లకు పైగా ఉంది. ఇలాంటి బరువు గుండెలో ఉంటుందంటారు. నాకు మాత్రం అది చేతుల్లో ఉంది. పల్లిచెక్క వాసన ఎక్కడ తగిలినా, దాణా అమ్మే కొట్టు ముందు నుంచి నడిచినా, నూనె మిల్లు పక్క నుంచి ఆటో పోయినా, నా రెండు చేతులూ వాటంతట అవే కొంగులోకి పోతాయి. చూసేవాళ్లు చలేమో అనుకుంటారు. ఎండాకాలంలో కూడా నీకు చలేనా అని మా ఆయన ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలంటే ముందు నా మంచితనం కొంత, తర్వాత నా కష్టాలు కొన్ని చెప్పి, చివర్లో తప్పును సన్నగా తరిగి వడ్డిస్తాను. ఒకటి రెండుసార్లు అలా మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. ఈసారి ముందే చెప్పేస్తాను. ఒక మనిషి ప్రాణం పెట్టి చేసిన పనిని నేను పాడుచేశాను. తెలిసి చేశాను. అతను ఇప్పటికీ ఆ తప్పు తనదే అనుకుంటున్నాడు.

అతని పేరు గంగాధర్. నిర్మల్ దాటి కడెం వైపు వాళ్ల ఊరు. చేపలు పట్టే కుటుంబం. కరీంనగర్‌లో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ కలిసి చదివాం, తర్వాత ఒకే సారు దగ్గర ప్రాజెక్టు పనిలో చేరాం. నాది సిరిసిల్ల. మా బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మా ఇంటికి, కార్ఖానాకు మధ్య ఒక్క గోడే. ఆ చప్పుడులో పెరిగినదాన్ని, నాకు మెల్లగా మాట్లాడటం రాదు. ప్రయోగశాలలో నేను గుసగుసలాడితే వరండాలో ఉన్న వాచ్‌మన్‌కు వినపడేది. గంగాధర్ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "సిరిసిల్లా" అనేవాడు. సిరిసిల్లా, జర మగ్గం బందువెట్టు, చేపలు బెదురుతున్నయ్ అనేవాడు. నేను ఇంకా గట్టిగా మాట్లాడేదాన్ని, ఇంకోసారి అంటాడేమోనని.

నాకు అతనంటే ఇష్టం. ఇప్పుడు ఇంత తేలికగా రాసేశాను. అప్పుడు ఈ మూడు మాటలు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

వాళ్ల ఊర్లో ఒక పద్ధతి ఉంది. వానాకాలంలో దొరికిన చేపపిల్లల్ని వెంటనే పెద్ద చెరువులో వదలరు. చిన్న కుంటలో ఇరుకిరుకుగా పోసి, చావకుండా ఉండేంత మేత మాత్రమే వేస్తూ, మళ్లీ వానలు పడేదాకా అక్కడే ఆపుతారు. ఏడాది నిండినా అవి వేలెడంతే ఉంటాయి. చూస్తే అయ్యో అనిపిస్తుంది. వాటిని ఆపిన పిల్లలు అంటారు. చెరువు నిండాక వాటిని అందులో వదులుతారు. అప్పటిదాకా అణిగి ఉన్నదంతా ఒక్కసారి విడిచిపెట్టినట్టు, చెరువు అడుగంటే లోపల మోచేతి పొడుగు చేపలవుతాయి. ఆ సంవత్సరం పుట్టిన పిల్లల్ని నేరుగా వదిలితే అంత ఎదగవు. ఎండాకాలంలో ఎండిపోయే చెరువుకు ఈ పద్ధతే దిక్కు.

ఎందుకలా అవుతుంది? గంగాధర్ చదువంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే. చేప మెదడు కింద పిట్యూటరీ అనే ఆవగింజంత గ్రంథి ఒకటుంటుంది. పెరుగుదల హార్మోను వచ్చేది అక్కడి నుంచే. తిండి లేనప్పుడు ఆ హార్మోను తగ్గిపోతుంది కాబోలు, అందుకే చేప పెరగదు కాబోలు అని నేననుకునేదాన్ని. అతను పుస్తకాలన్నీ తిరగేసి ఒకరోజు వచ్చి అంతా ఉల్టా చెప్పాడు. ఆకలిగా ఉన్న చేప రక్తంలో ఆ హార్మోను తగ్గదట, ఎక్కువవుతుందట. కాకపోతే కాలేయం దాని మాట వినదు. అందుకని అది ఒంట్లో కొవ్వు కరిగించి ప్రాణం మాత్రం నిలబెడుతుంది, కండ పెట్టనివ్వదు. కడుపునిండా మేత దొరకడం మొదలయ్యాక కాలేయం మళ్లీ దాని మాట వింటుంది. అప్పుడు ఆపిన చేప, రోజూ తిన్న చేపను దాటి పెరుగుతుంది.

"మావోళ్లు గీ సంగతి ఏ బడిల సదివిండ్రు సిరిసిల్లా" అని కండ్లు పెద్దవి చేసుకుని నా వైపు చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనపడుతుంది. హార్మోను సంగతి నేను సగమే విన్నాను. ఆకలిలోనే పెరగాలనే కోరిక ఎక్కువవుతుందన్నమాట, అది చాలు నాకు.

డిపార్ట్‌మెంటు వెనకాల రెండు సిమెంటు తొట్లు ఉండేవి. రెండింటిలోనూ ఒకే ఈడు రోహు పిల్లల్ని పోశాం. ఒకదానికి రోజూ తౌడు, పల్లిచెక్క కలిపిన ముద్దలు. రెండోదానికి అప్పుడప్పుడు చిటికెడు. మొదటిది మేత తొట్టి, రెండోది ఆకలి తొట్టి. కొన్ని నెలలు అలా ఆపి, తర్వాత రెండింటికీ కడుపునిండా వేసి, పదిహేను రోజులకోసారి తూచాలి. హార్మోనును కొలిచే పరికరాలు మా దగ్గర లేవు. తూకం చాలన్నాడు సారు. ఆపిన పిల్లలు ఎగబాకడం తూకంలో కనపడితే మిగతాది పెద్దచోట చూసుకోవచ్చన్నాడు.

గంగాధర్ శనివారం శనివారం ఊరికి పోయేవాడు. అతను లేనప్పుడు తొట్లు నావి.

ఆకలి తొట్టి మీద నీడ పడితే చాలు, పిల్లలన్నీ గుంపుగా పైకొచ్చి నోళ్లు తెరిచేవి. మేత తొట్టిలోవి అంతగా పట్టించుకునేవి కావు. ఒక ఆదివారం మధ్యాహ్నం నా చేతిలో మిగిలిన ముద్దను ఆకలి తొట్టిలో వేశాను. నీళ్లు ఒక్కసారి ఉడికినట్టయ్యాయి. ఒక్క ముద్దే. దాని వల్ల ఏమీ కాదని నాకు తెలుసు. అది జాలి. ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకున్న కథ అంతా ఆ ఒక్క ఆదివారం మీదే నిలబడి ఉంది. మూగజీవాల ఆకలి చూడలేని మెత్తని మనసు నాది, అంతే కదా, అని.

అంతే కాదు.

ఆ తర్వాత వారంలోనే సారు గంగాధర్‌ను పిలిచి చెప్పాడు. సముద్రం పక్కన, కేరళలో, చేపల మీద పరిశోధన చేసే పెద్ద సంస్థ ఒకటుంది. ఈ తూకాలు సరిగ్గా వస్తే తాను రాసి పంపిస్తానని, సీటు ఖాయమని. గంగాధర్ ఆ సాయంత్రం బస్టాండు దగ్గర వేడి జిలేబి కట్టించుకుని వచ్చాడు. చేపలకు కూడా పెడతానన్నాడు, అంత సంతోషం. నేను రెండు తిన్నాను. మంచి వార్త అన్నాను. ఎన్నేండ్లు ఉండాలి అక్కడ అని అడిగాను. నాలుగో ఐదో, ఆ తర్వాత ఏమో అన్నాడు. ఆ తర్వాత ఏమో అన్న మాట చాలా తేలికగా అన్నాడు. అందులో నేను లేను. ఉండాలని అతనికి తోచే వీలు కూడా నేనెప్పుడు ఇచ్చాను?

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయాక ఆకలి తొట్టిలో మూడు ముద్దలు వేశాను. ఆ మర్నాడూ వేశాను. ఇక అది నా పని అయిపోయింది. ఇది జాలి కాదు. ఆ తొట్టిలోవి నాకు చేపల్లా కనపడటం మానేశాయి. అవి ఎంత తింటే అతను అంత ఆలస్యంగా పోతాడు, అదొక్కటే నా లెక్క. ప్రయోగం చెడితే మళ్లీ మొదటి నుంచి చేయాలి, ఇంకో ఏడాది ఇక్కడే ఉంటాడు. ఏడాదిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఏం జరుగుతుందనుకున్నాను? నేను మెల్లగా మాట్లాడటం నేర్చుకుంటాననా?

తూకం రోజు అతని నొసలు ముడిపడింది. ఆకలి తొట్టి పిల్లలు ఆగడం లేదు. మేత తొట్టిలోవాటికంటే కొంచెం తక్కువ, అంతే. గోడలకు పట్టిన నాచు తింటున్నాయేమోనని లుంగీ ఎగగట్టి తొట్టిలోకి దిగి, రాయితో గోడలన్నీ రుద్దాడు. నేను పైనుంచి నీళ్లు పోశాను. తర్వాత, ఎవరో పిల్లలు తెలియక బిస్కెట్లు వేస్తున్నారేమో అన్నాడు. ఇనుప జాలీతో మూత చేయించి తాళం వేశాడు. తాళంచెవులు రెండు. ఒకటి తన దగ్గర పెట్టుకుని, రెండోది నాకిచ్చాడు. ఇంకెవరికిస్తాడు?

ఒకరోజు నా చేతుల్లోంచి మైక్రోస్కోపు అందుకుంటూ, నీ చేతులెప్పుడూ పల్లిచెక్క వాసనస్తయేంది అని అడిగాడు. మేత తొట్టికి పొద్దుటి ముద్దలు నేనే కదా వేసింది అన్నాను. అవును కదా అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడు. ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే నేను చెప్పేసేదాన్నేమో. వేయలేదు. అతనికి నా మీద ఆ ప్రశ్న పుట్టలేదు.

చివరికి రెండు తొట్లకూ సమంగా మేత వేసిన నెలల్లో ఆకలి తొట్టి తూకం మేత తొట్టి తూకం వెనకాలే నడిచింది. ఎగబాకడం లేదు, దాటడం లేదు. ఆగనివి ఎక్కడి నుంచి ఎగబాకుతాయి? సారు తల అడ్డంగా ఊపాడు. ఆ ఏడు సీటు వేరే ఎవరికో పోయింది. గంగాధర్ మళ్లీ చేస్తానన్నాడు, చేశాడు. నేను మళ్లీ వేశాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రెండో ఏడాది నా జీవితంలో అన్నిటికంటే మంచి కాలం. అతను ఉన్నాడు. ఓడిపోయి ఉన్నాడు, కానీ ఉన్నాడు. తొట్టి గట్టు మీద కూర్చుని ఇద్దరం ఒకే టిఫిన్‌లో తిన్నాం. బుగులు పుట్టినప్పుడు నాకే చెప్పుకునేవాడు. ఎక్కడ తప్పుతున్న సిరిసిల్లా అని అడిగేవాడు. నేను ఓదార్చేదాన్ని. నా ఓదార్పు ఎంత బాగుండేదో తెలుసా మీకు? ఆ కాలాన్ని ఇప్పటికీ తలుచుకుంటాను. తప్పు చేసినందుకు బాధపడుతూనే, ఆ గట్టు మీది మధ్యాహ్నాల కోసం ఇప్పటికీ కొట్టుకుంటాను. దీన్నేమంటారో నాకు తెలియదు.

నేను ఊహించనిది తర్వాత జరిగింది. అతను రెండోసారి కూడా ఓడిపోయి, తాళంచెవి నా దగ్గర తీసుకుని, ఊరికి పోయాడు. పోయి, వాళ్ల సంఘంలో నిలబడి, ఆపి వదలడం ఒట్టి నమ్మకమే, రెండుసార్లు తూచి చూశాను, దానివల్ల వచ్చేదేమీ లేదు, కుంటలో ఏడాది పోగొట్టుకోకుండా పిల్లల్ని ఈ వానలకే చెరువులో వదలండి అని చెప్పాడు. నిజాయితీ గల మనిషి. తన ఊరి మాట నిలబెట్టాలని చదివినవాడు, అది అబద్ధమని తేలితే ఆ మాటా చెప్పాలనుకున్నాడు. వాళ్లు విన్నారు. తమ పిల్లగాడు, తమ కోసమే చదివినవాడు చెబుతుంటే వినరా?

మరుసటి ఎండాకాలం చెరువులో చేపలు పట్టే రోజు నన్ను రమ్మన్నాడు. నిర్మల్ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో పోయాను. కొత్త చీర కట్టుకున్నాను. ఎందుకో అడగకండి. ఊరు ఊరంతా గట్టు మీద ఉంది. వల ఒడ్డుకొస్తుంటే ముందు కేకలు, తర్వాత మాటలు, తర్వాత ఏమీ లేదు. వలనిండా వేలెడు, జానెడు చేపలు. ఎవరూ గంగాధర్‌ను ఒక్క మాట అనలేదు. వాళ్ల బాపు వల విదిలిస్తూ కొడుకు వైపు చూడలేదు, అంతే. పెద్దమనిషి ఒకాయన మాత్రం, సదువుకున్నోడు చెప్పిండని ఇన్నం, ఇనుడు మా తప్పు అన్నాడు. గంగాధర్, తప్పు నాదే పెద్దబాపూ అన్నాడు.

నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నా గొంతు ఊరంతా వినపడే గొంతు. ఒక్క మాట చాలు అప్పుడు.

వాళ్ల అవ్వ నన్ను ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది. ఉన్నవాటిలో పెద్ద చేప చూసి పులుసు పెట్టినట్టుంది, ఆ ముక్కలు నా పళ్లెంలోనే వేసింది. పక్కన కూర్చుని, "జర పైలంగ తిను బిడ్డా, గీసారి అన్ని ముండ్లే" అంది. తిన్నాను. ఒక్కొక్క ముల్లూ తీసి పళ్లెం అంచున పెట్టుకుంటూ, తల ఎత్తకుండా, అంతా తిన్నాను.

ఆ ఊరు మళ్లీ పాత పద్ధతికి పోయింది, ఆపిన పిల్లలు ఎప్పటిలాగే ఎదిగాయి. అంటే ఊరి మాటే నిజమని తేలింది, గంగాధరే పిచ్చోడయ్యాడు. ఊరి నష్టం ఒక ఏడాదితో తీరింది. అతనిది తీరలేదు. చేపల దగ్గరికి మళ్లీ పోలేదు. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులో పనికి కుదిరాడని విన్నాను. నాకు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, పెండ్లయింది. మా ఆయన మంచివాడు. ఈ రాతలో ఆయన తప్పు ఎక్కడా లేదు.

కొన్నేండ్ల కింద ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను ఆదిలాబాద్ వేశారు. పని అయిపోయాక మిల్లు ఎక్కడని అడుగుతూ పోయాను. గేటు దగ్గర పత్తి బండ్లు వరసగా ఉన్నాయి. అతను బయటికొచ్చాడు. జుట్టు మీద, కనుబొమ్మల మీద దూది. ముందు దూది అనుకున్నాను, దగ్గరికొచ్చాక చూస్తే సగం నెరిసిన వెంట్రుకలే. నన్ను చూసి సిరిసిల్లా అన్నాడు. మిల్లు చప్పుడులో నా గొంతు అక్కడ సరిగ్గా సరిపోయింది. పక్కనున్న మనిషికి మరాఠీలో ఏదో చెప్పి రెండు చాయ్‌లు తెప్పించాడు. పిల్లలెందరు, ఎక్కడుంటున్నవ్ అని అడిగాడు. తర్వాత అడిగాడు.

"పిట్యూటరీ పాఠం ఇంక చెప్తున్నవా?"

"చెప్తున్న."

"నాకు ఒక్కటే సమజైతలేదు సిరిసిల్లా. ఊళ్లె పెరిగినయ్. మన తొట్ల పెరగలే. రెండుసార్లు పెరగలే. గిప్పటికి గూడ కూసుంటే గదే యాదికొస్తది." చాయ్ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు పక్కనే ఉన్నవ్ కదా. నేను సరిగ్గనే చేసిన్నా?"

"సరిగ్గనే చేసినవ్."

"మరెట్ల తప్పింది?"

నేను చెప్పిన జవాబు రాయడానికే ఇదంతా రాశానేమో. నేనన్నాను, "బస్సు టైమైంది గంగాధర్."

అతను బస్సు దాకా వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, పైలంగ పో అన్నాడు. బస్సు కదిలాక చూస్తే వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చేతి వైపు చూసుకుంటూ వెనక్కి పోతున్నాడు. నిర్మల్ వచ్చేదాకా నేను ఏడ్చాను. ఏడుపు ఎవరికేం చేస్తుంది? నాకు కొంచెం హాయిగా అయింది, అంతే. అది కూడా అతని ఖర్చు మీదే.

ఆకలిగా ఉన్న చేపలో పెరుగుదల హార్మోను ఎక్కువగా ఉంటుందని, మేత దొరికాక ఆ చేప ఎగబాకుతుందని ఇప్పుడు ఈ శాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. అది కొత్త సంగతే కాదు. అతను చూడడు. ఆ పుస్తకాలు ముట్టుకోడని నాకు తెలుసు. అతని మనసు మీద అతనికి పోయిన నమ్మకం నా దగ్గర ఉంది. ఇన్నేండ్లూ నేనే పెట్టుకుని కూర్చున్నాను. ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క నిమిషం. ఇస్తే అతను నన్ను సిరిసిల్లా అని పిలవడు. నిజానికి నా భయం అంతా అక్కడే ఉంది. ఎవరో క్షమించరని కాదు, ఏదో శిక్ష పడుతుందని కాదు. ఆ పిలుపు పోతుందని. అప్పుడు తొట్టిలో మేత ఎందుకు వేశానో, ఇప్పుడు నోరు ఎందుకు మూసుకున్నానో, రెండింటికీ కారణం ఒకటే. నేను ఏమీ ఎదగలేదు.

ఆదిలాబాద్ మళ్లీ పోతానో లేదో మాట ఇవ్వను. నా మాటల సంగతి మీకు తెలిసిపోయింది. కానీ ఈ పొద్దు మా ఆయన డ్యూటీకి పోయాక, వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి, నాకు వచ్చిన గొంతుతోనే, పక్కింటికి వినపడినా సరే అనుకుని, పైకి అన్నాను. ఇంతవరకు గాలికి కూడా చెప్పని మాట. అన్నాక చేతులు కొంగులో పెట్టుకోలేదు. మీరూ వినండి.

గంగాధర్, నువ్వు సరిగ్గనే చేసినవ్. ఆకలి తొట్ల మేత ఏసింది నేను. నువ్వు పోవద్దని ఏసిన.